ఆఫీసు చెత్త తగ్గించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆఫీసులో చెత్త తగ్గించాలని నడుం కట్టినవాళ్లు ముందుగా చేసే పని పోస్టర్లు అంటించడం. నేనూ అదే చేశాను. ప్రింటర్ పక్కన ఒకటి, కాఫీ మెషిన్ దగ్గర ఒకటి, చేతులు కడుక్కునే చోట ఇంకొకటి, అన్నిటి మీదా ఒక పచ్చటి ఆకు బొమ్మ. మూడో వారానికి వాటిలో రెండు చెత్తబుట్టలో తేలాయి. పట్టు వదలకుండా మూడు రంగుల బుట్టలు తెప్పించాను. అందరూ ఓపిగ్గా కాగితాలు ఒకదాంట్లో, ప్లాస్టిక్ ఒకదాంట్లో, తిండి ఒకదాంట్లో వేయసాగారు. ఒకరోజు పని ఎక్కువై చీకటి పడేదాకా ఉండిపోతే, హౌస్‌కీపింగ్ ఆవిడ ఆ మూడు బుట్టల్నీ ఒకే నల్ల కవర్లో గుమ్మరించడం కంటపడింది. ఎందుకలా అని అడిగితే, "కింద డ్రమ్ము ఒక్కటే ఉంది సార్, మూడూ మూడు చోట్ల ఎక్కడ పొయ్యమంటారు?" అంది. ఆవిడ తప్పేం లేదు. కింద ఎన్ని డ్రమ్ములున్నాయో చూడకుండా పైన రంగుల బుట్టలు కొన్నది నేను.

ఆ తర్వాత ఫలితం ఇచ్చినవన్నీ చూడ్డానికి చప్పగా ఉండే పనులే. ప్రింటర్‌లో ఒక సెట్టింగ్ మార్చడం, కప్పులు పెట్టే చోటు మార్చడం, స్టేషనరీ ఆర్డర్ మీద సంతకం పెట్టే మనిషితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడటం. వస్తువు ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వచ్చినప్పుడే అందులో ఎంత చెత్త కాబోతుందో చాలావరకు తేలిపోతుంది. కింద రాసిన క్రమమంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. బల్లలు, కంప్యూటర్లు, ప్రింటర్, ఒక చిన్న ప్యాంట్రీ ఉన్న ఆఫీసుకు, అందులో ఇరవై మంది ఉన్నా రెండు వందల మంది ఉన్నా, ఇది సరిపోతుంది. ఆసుపత్రి, ల్యాబ్, వర్క్‌షాప్ లాంటి చోట్ల చెత్తకు వేరే నిబంధనలు ఉంటాయి కాబట్టి అక్కడ దీన్ని ఉన్నదున్నట్టు వాడకండి.

మెట్టు 1: ముందు బుట్టలు తిరగేయండి

ఇది ఎవరికీ ఇష్టం లేని పని. దీన్ని దాటేసి ముందుకు పోవాలనిపిస్తుంది. దాటకండి. మన ఆఫీసులో ఏం ఎక్కువ పారేస్తున్నామో మనకు తెలుసనే అనుకుంటాం, తిరగేసి చూస్తే ఆ అంచనా సగం తప్పని తేలుతుంది.

మామూలు వారం ఒకటి ఎంచుకోండి. సెలవులు కలిసిన వారం, ఆడిట్ జరిగే వారం, పెద్ద మీటింగ్ ఉన్న వారం వద్దు. అందులో రెండు రోజుల చెత్త చాలు. హౌస్‌కీపింగ్ వాళ్లకు ముందే చెప్పి, ఆ రెండు రోజులూ సాయంత్రం కవర్లు కట్టి ఒక పక్కన పెట్టమనండి. బాత్‌రూమ్ బుట్టలు మాత్రం ముట్టుకోవద్దు, అవి లెక్కలోకి రావు. మందపాటి చేతి తొడుగులు, నేల మీద పరచడానికి ఒక పెద్ద ప్లాస్టిక్ పట్టా, లగేజీ తూచే కొక్కెం తక్కెడ ఒకటి ఉంటే సరిపోతుంది. పగిలిన గాజు, పిన్నులు ఉండొచ్చు, అందుకని చెయ్యి లోపలికి పెట్టి కెలక్కుండా కవరు మొత్తం పట్టా మీద బోర్లించండి.

కాగితం, కప్పులు, తిండి, ప్యాకింగ్ సామగ్రి, మిగతావి అని కుప్పలు చేసి ఒక్కో కుప్పనూ తూచండి. బరువొక్కటే రాసుకుంటే మోసపోతారు. తడిసిన తిండి బరువు తూగుతుంది, పేపర్ కప్పులు బుట్ట నిండా ఉన్నా తక్కెడ ముల్లు కదలదు. అందుకని బరువు పక్కనే ఎన్ని కవర్లు నిండాయో కూడా రాయండి. ఇంకో గడి కూడా గీయండి, దాని పేరు "ఇది ఇక్కడికెందుకు వచ్చింది?" అసలు విషయం ఈ గడిలోనే ఉంటుంది. ఎవరూ తీసుకోని ప్రింటౌట్లు, రెండు గుక్కలు తాగి వదిలేసిన నీళ్ల సీసాలు, విప్పకుండానే పారేసిన చక్కెర పొట్లాలు, ప్రతి ప్రింట్‌కూ ముందు వచ్చే పేరు కాగితం. మేం తిరగేసినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది ఖాళీ కవర్లు. ఒక్కో బల్ల కింద ఉండే చిన్న బుట్టలో రెండు టిష్యూలు, ఒక చాక్లెట్ కాగితం ఉంటే, వాటితోపాటు కొత్త కవరు కూడా రోజూ వెళ్లిపోతోంది. అంటే చెత్త కంటే చెత్త కవరే ఎక్కువ.

ఒక జాగ్రత్త. ఈ పని చేసేటప్పుడు ఏ కాగితం ఎవరిదో చూడకండి, ఫొటోలు తీసి గ్రూపులో పెట్టకండి. "ఎవరు పారేశారు" అన్న ప్రశ్న వచ్చిందంటే మర్నాటి నుంచి మీకు ఎవరూ సహకరించరు.

తూకం అయ్యాక, కొనుగోళ్ల బిల్లులు కూడా ఆరు నెలలవి తిరగేయండి. కాగితం ఎన్ని రీములు, కప్పులు ఎన్ని, టిష్యూ, టోనర్, చెత్త కవర్లు ఎన్ని. బుట్టలో దొరకనివి ఇక్కడ దొరుకుతాయి. అన్ని రీములు కొని, ఫైళ్లలో అంత కాగితం కనిపించకపోతే అది ఎటు పోయిందో అడగొచ్చు.

మెట్టు 2: రెండే రెండు ఎంచుకోండి

జాబితా చేతిలోకి రాగానే అన్నీ ఒకేసారి మార్చాలన్న ఉత్సాహం వస్తుంది. ఒకేసారి పది మార్పులు తెస్తే పదీ పాడవుతాయి. పెద్ద కుప్పలు రెండు చూసుకుని వాటితో మొదలుపెట్టండి. చాలా ఆఫీసుల్లో అవి కాగితం, కప్పులే అవుతాయి. అందుకే వాటి గురించి ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను. మీ దగ్గర వేరేవి తేలితే వాటికే వెళ్లండి.

మెట్టు 3: కాగితం పని ప్రింటర్ దగ్గర కాదు, సెట్టింగుల్లో

80 జీఎస్‌ఎం ఎ4 కాగితం ఒక్కోటి దాదాపు 5 గ్రాములు తూగుతుంది. లెక్క తేలిక. 80 జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం 80 గ్రాములు, ఎ4 చదరపు మీటరులో పదహారో వంతు. 500 కాగితాల రీము రెండున్నర కిలోలు. మీ బిల్లుల్లో ఉన్న రీములను ఈ అంకెతో గుణించి చూడండి, బరువు కిలోల్లో కనబడితే మేనేజర్లకు త్వరగా ఎక్కుతుంది.

రెండు వైపులా ప్రింట్ తీయండని వందసార్లు చెప్పడం కంటే, ఐటీ వాళ్ల చేత ప్రింటర్ డ్రైవర్‌లో (కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) డీఫాల్ట్‌గానే రెండు వైపులా, నలుపు తెలుపు పెట్టించడం మేలు. ఒక్క వైపే కావాలనుకున్న వాళ్లు ఆ ఒక్కసారికి మార్చుకుంటారు. ఎవరినీ ఆపినట్టూ ఉండదు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. రెండు వైపులా ప్రింట్‌లో కాగితాన్ని పొడవు అంచు మీద తిప్పాలా, వెడల్పు అంచు మీద తిప్పాలా అని ఇంకో సెట్టింగ్ ఉంటుంది. నిలువు పేజీలకు పొడవు అంచు ఉండాలి. అది తప్పుగా ఉంటే రెండో వైపు తలకిందులుగా వస్తుంది. ఒక్కసారి అలా వచ్చిందంటే మనిషి విసుక్కుని ఆ సదుపాయాన్నే ఆపేస్తాడు, మళ్లీ దాని జోలికి రాడు. కాబట్టి ప్రతి కంప్యూటర్ నుంచీ రెండు పేజీలు తీసి చూసే ఓపిక ఎవరికో ఒకరికి ఉండాలి.

రెండో శత్రువు కాగితం ఇరుక్కుపోవడం. విప్పిన రీమును అలాగే వదిలేస్తే గాల్లో తేమ పీల్చుకుని వంకర తిరుగుతుంది, రెండో వైపు ప్రింట్ కోసం మెషిన్ లోపలికి తిరిగి వెళ్లేటప్పుడు చిక్కుకుంటుంది. రీమును వాడే ముందే విప్పండి, మిగిలింది దాని రేపర్లోనే చుట్టి పెట్టండి.

ఎవరూ తీసుకోని ప్రింటౌట్ల కుప్ప మీ ప్రింటర్ మీద కూడా ఉండే ఉంటుంది. దీనికి మందు పిన్ నంబర్ లేదా ఐడీ కార్డుతో విడుదలయ్యే ప్రింట్. కంప్యూటర్‌లో ప్రింట్ నొక్కినా, మనిషి వెళ్లి నంబర్ కొట్టేదాకా కాగితం బయటకు రాదు. రాత్రికి మిగిలినవి వాటంతటవే రద్దవుతాయి. ఆఫీసుల్లో వాడే పెద్ద మెషిన్లలో చాలా వాటికి ఈ సదుపాయం ముందే ఉంటుంది, ఎవరూ ఆన్ చేసి ఉండరంతే. జీతం కాగితాలు అందరి కళ్లా పడకుండా ఉంటాయన్న మాట చెబితే హెచ్ఆర్ వాళ్లు మీకంటే ముందు దీన్ని అడుగుతారు. ప్రతి ప్రింట్ ముందు పేరు, తేదీ వేసి వచ్చే కాగితం ఉంటే దాన్నీ ఆపించండి.

ఒక వైపు వాడిన కాగితాన్ని తిరిగి ప్రింటర్ ట్రేలో పెట్టడం నాకు నచ్చదు. వాటిలో ఒక్క పిన్ను మిగిలినా మెషిన్ పాడవుతుంది, వెనక వైపున్న జీతాల పట్టిక బయటివాళ్ల చేతికి వెళ్లిన సందర్భమూ చూశాను. రహస్యం లేని కాగితాలను ఏరి సగానికి కత్తిరించి, పైన క్లిప్పు పెట్టి రఫ్ ప్యాడ్లు చేయండి. అవి టెలిఫోన్ పక్కన, మీటింగ్ గదిలో బాగా ఖర్చవుతాయి.

సెట్టింగుల తర్వాత ఫారాలు. ప్రతి ఆఫీసులోనూ మూడు కాపీలు నింపే ఫారం ఒకటి ఉంటుంది. మూడో కాపీ ఎక్కడికి వెళ్తుందో దాని వెంటే నడిచి చూడండి. నేను అలా వెళ్లిన ఒక ఫారం చివరికి ఒక బీరువా దగ్గర ఆగింది. దాన్ని ఏళ్ల తరబడి ఎవరూ తెరవలేదు, తాళం ఎవరి దగ్గరుందో కూడా తెలియదు. అయితే ఆపేముందు అకౌంట్స్ వాళ్లనూ, లీగల్ వ్యవహారాలు చూసేవాళ్లనూ అడగాలి. కొన్నిటికి సంతకం చేసిన అసలు కాగితం కొన్నేళ్లపాటు ఉంచాల్సిందే.

మెట్టు 4: కప్పులు

నలభై మంది, రోజుకు మూడు సార్లు టీ గానీ కాఫీ గానీ, నెలకు 22 పని దినాలు. నెలకు 2,640 కప్పులు. పేపర్ కప్పే కదా, కాగితంతోపాటు పోతుందిలే అనుకుంటారు చాలామంది. మామూలుగా దాని లోపల పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది లేకపోతే వేడి టీకి కాగితం నానిపోతుంది. ఆ పూతను కాగితం నుంచి విడదీయడానికి ప్రత్యేకమైన ఏర్పాటు కావాలి, మామూలు కాగితం మిల్లులు వాటిని తీసుకోవు. మొక్కల నుంచి తీసిన ప్లాస్టిక్ కప్పులనీ, మట్టిలో కలిసిపోతాయనీ అమ్మేవి కూడా చూసి కొనండి. వాటిలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ అనే పదార్థం విరిగిపోవాలంటే పెద్ద కంపోస్ట్ కేంద్రంలో ఉండేలాంటి 60 డిగ్రీల దగ్గరి వేడి కావాలి. పెరట్లో గుంట తీసి పాతితే అది చాలాకాలం అలాగే ఉంటుంది.

కాబట్టి కడిగి వాడుకునే కప్పే దారి. ఇందులో ఎదురయ్యే చిక్కు కప్పుది కాదు, కడగడానిది. "మీ కప్పు మీరే తెచ్చుకోండి" అని మెయిల్ పెట్టి ఊరుకుంటే వారం తిరిగేసరికి సింకు నిండా ఎండిపోయిన కప్పులుంటాయి. వాటిని కడగడం హౌస్‌కీపింగ్ వాళ్ల నెత్తిన పడుతుంది. ముందు సింకు దగ్గర నాలుగు ఏర్పాట్లు చేయండి. సబ్బు ద్రవం, వారానికోసారి మార్చే స్పాంజి, నీళ్లు ఓడే స్టాండు, పేర్లు రాసిన అర. సింకు లేని అంతస్తు అయితే కప్పులు కడిగే బాధ్యత పనిగంటల్లో ఒకరికి అప్పజెప్పి, ఆ సమయాన్ని వాళ్ల పనిలో లెక్క కట్టాలి. అలా కుదరకపోతే ఈ మెట్టును కొన్నాళ్లు వాయిదా వేయడమే నయం.

ఏర్పాట్లు అయ్యాక పేపర్ కప్పుల్ని నిషేధించకండి, కాఫీ మెషిన్ పక్క నుంచి తీసి రిసెప్షన్ అరలో పెట్టండి. అతిథుల కోసం, అడిగినవాళ్ల కోసం అక్కడ ఉంటాయి. అడగడానికి పది అడుగులు వేయాలి కాబట్టి చాలామంది తమ కప్పే తెచ్చుకుంటారు. మేనేజర్ గదిలోకి మాత్రం పేపర్ కప్పులో కాఫీ వెళ్తూ ఉంటే ఈ పని అంతటితో ఆగిపోతుంది. మొదటి వారం ముందుగా ఆయనకే కప్పు ఇవ్వండి.

ఇక్కడే ఇంకో మాట. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినోత్సవం రోజున కంపెనీ లోగో వేసిన కొత్త మగ్గులు, కొత్త సీసాలు పంచే అలవాటు ఒకటి ఉంది. ఒక మగ్గును కాల్చి తయారు చేయడానికి పట్టే శక్తి పేపర్ కప్పుకు పట్టేదాని కంటే చాలా ఎక్కువ. అది చాలాసార్లు వాడితేనే గిట్టుబాటవుతుంది. ఇంట్లో వాడకుండా ఉన్న కప్పు ప్రతి ఒక్కరికీ ఒకటుంటుంది, అది తెచ్చుకోమనడం చాలు.

చక్కెర పొట్లాల బదులు మూత ఉన్న డబ్బా, చెంచా. ప్లాస్టిక్ పుల్లల బదులు స్టీలు చెంచాలు, అవి మాయమవుతుంటాయి కాబట్టి ఒక డజను ఎక్కువే కొనండి. మీటింగుల్లో చిన్న నీళ్ల సీసాల బదులు జగ్గు, గ్లాసులు. వచ్చిన పెద్దమనిషికి సీసా ఇవ్వకపోతే మర్యాదగా ఉండదని ఎవరో ఒకరు అంటారు. మూత పెట్టిన గాజు గ్లాసులో నీళ్లిస్తే ఎవరూ చిన్నబుచ్చుకోలేదు ఇంతవరకు.

మెట్టు 5: తిండి

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో, 28 శాతం హోటళ్లు, క్యాంటీన్ల లాంటి చోట్ల. ఆఫీసులో వృథా అయ్యేది ఎక్కువగా మీటింగ్ భోజనాలే. డబ్బాలో ఇంటి నుంచి తెచ్చుకున్నది జనం పెద్దగా పారేయరు.

మీటింగుకు పిలిచిన వాళ్లందరి లెక్కన ఆర్డర్ పెట్టకండి. ముందు రోజు సాయంత్రం లోపు "భోజనానికి ఉంటాను" అని చెప్పిన వాళ్ల లెక్కనే పెట్టండి. జవాబివ్వని వాళ్లకు ఉండదని ఒక్కసారి నిజంగా జరిగితే, రెండోసారి నుంచి అందరూ జవాబిస్తారు. చిన్న పొట్లాలుగా కాకుండా పెద్ద గిన్నెల్లో తెప్పిస్తే ప్యాకింగ్ తగ్గుతుంది, ఎవరికి కావాల్సినంత వాళ్లు వడ్డించుకుంటారు. మిగిలితే ఎవరు తీసుకెళ్తారో ముందే అనుకోవాలి, వండి గంటలు గడిచాక ఎవరికిద్దామని వెతుక్కుంటే ఆ తిండి ఎవరికీ మంచిది కాదు.

ఫ్రిజ్ సంగతి అందరికీ తెలిసిందే. ప్రతి డబ్బా మీద పేరు, తేదీ. శుక్రవారం సాయంత్రం ఖాళీ చేస్తామని తలుపు మీద రాసి, నిజంగా ఖాళీ చేయాలి.

కంపోస్ట్ చేద్దామా అని అడుగుతారు. తోటగానీ, మొక్కలుగానీ, వాటిని చూసుకునే మనిషిగానీ ఉంటే చేయండి. తడి చెత్త మీద ప్రతిసారీ ఎండుటాకులో, చింపిన అట్టముక్కలో వేయాలి, లేకపోతే కుళ్లు వాసన వస్తుంది. నూనె, మాంసం ఉన్న వండిన తిండి వేస్తే పురుగులు, ఎలుకలు వస్తాయి. ఈ పని నెత్తిన వేసుకునే మనిషి లేని చోట అది రెండు నెలల ముచ్చటే అవుతుంది.

మెట్టు 6: ఇప్పుడు బుట్టల సంగతి

ముందు కిందికి దిగి చూడండి. ఆఫీసు నుంచి బయటకు వెళ్లే చెత్త ఎవరు తీసుకెళ్తున్నారు, ఎక్కడ పోస్తున్నారు, పాత కాగితాలు కొనేవాళ్లు ఏది తీసుకుంటారు, ఏది వద్దంటారు. వాళ్లు మూడు రకాలు విడిగా తీసుకుంటామంటే మూడు బుట్టలు పెట్టండి. రెండే అంటే రెండే. వేరు చేసినవి కలిసిపోతున్నాయని ఒక్కసారి జనం కళ్లారా చూస్తే, మళ్లీ వేరు చేయమని అడిగే మొహం మనకుండదు.

ఆ తర్వాత బల్లల కింది చిన్న బుట్టలు తీసేసి, అంతస్తుకు రెండు మూడు చోట్ల ఉమ్మడి బుట్టలు పెట్టండి. మొదటి వారం గొణుగుతారు, నిజం. రెండో వారానికి అలవాటవుతుంది, రోజూ ఖాళీగా పోయే కవర్లు మిగులుతాయి. బుట్టలు ఎప్పుడూ జంటగా ఉండాలి. పొడి చెత్త బుట్ట ఒక్కటే ఉన్న చోట తిండి కూడా అందులోకే వెళ్తుంది. కాగితం బుట్ట మూతకు సన్నని గాడి మాత్రమే ఉంటే కప్పు అందులో పట్టదు, ఆ గాడి పది పోస్టర్ల పని చేస్తుంది. "పునర్వినియోగానికి అనువైనవి" అని రాయడం కంటే, మీ ఆఫీసులో రోజూ కనబడే వస్తువుల ఫొటోలే మూత మీద అంటించండి.

కాగితం బుట్టలోకి వెళ్లకూడనివి కొన్ని ఉన్నాయి. నూనె అంటిన అట్టలు, తడి టిష్యూలు, పేపర్ కప్పులు, బిల్లు మెషిన్ల నుంచి వచ్చే నున్నటి రసీదులు. ఆ రసీదు మీద గోటితో గీస్తే నల్లగీత పడుతుంది. అది వేడికి రంగు మారే రసాయనం పూసిన కాగితం, మామూలు కాగితంతో కలపకూడదు. స్టేపుల్ పిన్నులు మాత్రం ఒక్కొక్కటీ పీకుతూ కూర్చోనక్కర్లేదు, మిల్లులో గుజ్జు చేసేటప్పుడు అవి వేరైపోతాయి.

ప్లాస్టిక్ డబ్బాల అడుగున బాణాల త్రికోణంలో 1 నుంచి 7 వరకు ఒక అంకె ఉంటుంది. దాన్ని చూసి ఇది మళ్లీ పనికొస్తుందని అనుకుంటారు. 1988లో మొదలైన ఆ అంకెలు అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పడానికే. మీ దగ్గర ఆ రకాన్ని తీసుకునే వాళ్లున్నారా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు పాత సామాన్లు కొనే మనిషే చెప్పాలి.

మెట్టు 7: స్టేషనరీ అర

ఒకరోజు ప్రకటించి, అందరి సొరుగుల్లో అదనంగా ఉన్న పెన్నులు, క్లిప్పులు, స్టేప్లర్లు, ఫోల్డర్లు, నోట్‌బుక్కులు ఒక పెట్టెలో వేయమనండి. ఎవరు ఎన్ని వేశారని అడగొద్దు. మేం ఇది చేసిన తర్వాత కొన్ని నెలలపాటు పెన్నులు, ఫోల్డర్లు కొనే పనే పడలేదు.

అన్నీ ఒకే అరలో, కంటికి కనబడేలా ఉంచి, ఒక్కో వస్తువు ఎంతకు తగ్గితే ఆర్డర్ పెట్టాలో అర అంచు మీదే రాయండి. ఆర్డర్ నెలకొకసారి. ఏది కావాలంటే అది ఆ పూటే తెప్పించే అలవాటుంటే, ఒక్క ఎరేజర్ కోసం కూడా ఒక అట్టపెట్టె, గాలి బుడగల కవరు వస్తాయి. రీఫిల్ మార్చే పెన్నులు కొనడం మంచిదే, కానీ రీఫిళ్లు కూడా అదే ఆర్డర్లో ఉండాలి. లేకపోతే అవి ఖరీదైన వాడిపారేసే పెన్నులుగా మిగులుతాయి.

టోనర్ విషయంలో తొందరపడకండి. "తక్కువగా ఉంది" అని వచ్చే హెచ్చరిక చాలా ప్రింటర్లలో ఒక అంచనా మాత్రమే. అక్షరాలు మసకబారేదాకా వాడండి, మసకబారినప్పుడు కార్ట్రిడ్జ్ బయటికి తీసి మెల్లగా అటూ ఇటూ ఊపి పెడితే ఇంకొన్ని పేజీలు వస్తాయి.

మెట్టు 8: బ్యాటరీలు, కంప్యూటర్లు

2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది, సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు వచ్చింది అందులో 22.3 శాతమే. ఆఫీసు వైపు నుంచి చేయగలిగింది ముఖ్యంగా ఒకటి. ఉన్న కంప్యూటర్‌ను ఇంకో ఏడాదో రెండేళ్లో వాడటం. నెమ్మదించిందని పక్కన పడేసిన లాప్‌టాప్‌కు ర్యామ్ పెంచి, పాత హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ డిస్కు వేసి, బ్యాటరీ మార్చి చూడండి. మెయిల్, లెక్కల పనికి అది చాలు. కొత్తది కొన్నా, చార్జర్, మౌస్, కీబోర్డు పాతవి పనికొస్తే అవే ఇవ్వండి. ఇచ్చేసే కంప్యూటర్లలో ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోదు, అవి తిరిగి తీయొచ్చు. డిస్కు పూర్తిగా తుడిచే పని ఐటీ వాళ్ల చేత చేయించాకే గడప దాటించాలి.

వైర్‌లెస్ మౌస్, కీబోర్డులకు చార్జింగ్ సెల్స్ బాగా పనికొస్తాయి. గోడ గడియారానికి అక్కర్లేదు, మామూలు సెల్ అందులో ఏడాదికి పైనే నడుస్తుంది.

లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు ఏదీ చెత్తబుట్టలో పడకూడదు. ఫోన్, పవర్ బ్యాంక్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ అన్నీ ఇందులోకే వస్తాయి. చెత్త బండిలో అది నలిగితే మంటలు లేవొచ్చు. బ్యాటరీ కొసలకు టేప్ అంటించి విడిగా ఒక డబ్బాలో దాచి, ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకు ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కొద్దు, గుచ్చొద్దు, చార్జింగ్‌లో పెట్టొద్దు, అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి వెంటనే కబురు చేయండి. పాత ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి అవీ పగలకుండా విడిగానే.

కరెంటు, నీళ్లు బుట్టలో కనబడవు కానీ రెండు మాటలు. స్క్రీన్ సేవర్ కరెంటు ఆదా చేయదు, పది నిమిషాల తర్వాత స్క్రీన్ ఆరిపోయేలా పెట్టండి. సెకనుకో చుక్క కారే కుళాయి రోజుకు సుమారు 20 లీటర్లు పోగొడుతుంది, దానికి కావాల్సింది సాధారణంగా ఒక వాషర్.

మెట్టు 9: మళ్లీ తూచండి

మూడు నెలల తర్వాత అదే తక్కెడ, అదే పట్టా, అలాంటి మామూలు వారమే. వచ్చిన అంకెల్లో అందరికీ ఒక్కటే చెప్పండి. "నెలకు వెళ్లే కవర్లు ఇన్ని ఉండేవి, ఇప్పుడు ఇన్ని" అంటే చాలు, పది గ్రాఫులున్న మెయిల్ ఎవరూ చదవరు. డిపార్ట్‌మెంట్ల మధ్య పోటీలు పెట్టాలనిపిస్తే ఆగండి. మేం పెట్టాం. గెలవాలని ఒక జట్టు వాళ్లు తమ కప్పులన్నీ మధ్యాహ్నం పూట పక్క జట్టు బుట్టలో వేసి వచ్చేవాళ్లు.

తగ్గనివి కూడా తేలతాయి. మాకు కొరియర్ ప్యాకింగ్ తగ్గలేదు. అది పంపేవాళ్ల చేతిలో ఉంది. ఎక్కువగా పంపే ఇద్దరు సరఫరాదారులకు ఫోన్ చేసి, అట్టపెట్టెలు తిరిగి తీసుకెళ్తారా అని అడిగితే ఒకరు సరేనన్నారు, ఇంకొకరు ఇంకా ఆలోచిస్తామంటున్నారు.

ఇక మార్చినవన్నీ ఒక పేజీలో రాసి పెట్టండి. ప్రింటర్ డీఫాల్ట్ ఏమిటి, కప్పులు ఎక్కడ ఉంటాయి, ఏ వస్తువు ఎంతకు తగ్గితే కొనాలి, ఏవి అసలు కొనకూడదు, బ్యాటరీల డబ్బా నిండితే ఎవరికి కబురు చేయాలి. కొత్త ప్రింటర్ వచ్చిన రోజు పాత సెట్టింగ్ పోతుంది, కొనుగోళ్లు చూసే మనిషి మారిన నెల పేపర్ కప్పుల పెట్టెలు మళ్లీ దిగుతాయి. ఆ పేజీని ఆర్డర్ పుస్తకం మొదటి అట్ట లోపల అంటించి, ఒక కాపీ హౌస్‌కీపింగ్ ఆవిడకు ఇవ్వండి. కవర్లు ఎక్కువవుతున్నాయని మీకంటే ముందు తెలిసేది ఆవిడకే. కింద రెండో డ్రమ్ము ఎప్పుడు వస్తుందో కూడా మాకు ఆవిడే చెప్పింది.